ఫ్లాట్ అమ్మాలి, కొనేవాళ్లు పోటీ పడాలి: అపోహలు - వాస్తవాలు

నిజాంపేట రోడ్డులో ఒక పెద్దాయన ఫ్లాట్ పదకొండు నెలలుగా అమ్మకానికి ఉంది. అదే అపార్ట్‌మెంట్‌లో, అదే లైన్‌లో, రెండంతస్తుల కింద ఫ్లాట్ మాత్రం తొమ్మిది రోజుల్లో అగ్రిమెంట్ అయిపోయింది. అదీ చెప్పిన రేటు మీద లక్షన్నర ఎక్కువకి. పెద్దాయన నన్ను లిఫ్ట్ దగ్గర ఆపి, "ఏమ్మా, వాళ్లదేమన్నా బంగారమా? నాదీ తూర్పు ఫేసింగే, వాళ్లదీ తూర్పే" అన్నారు. బంగారమేమీ కాదు. పైగా ఆయన ఫ్లాట్‌కే గాలి ఎక్కువ.

కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట చుట్టుపక్కల రీసేల్ ఫ్లాట్లు అమ్మిపెట్టడం నా పని. ఒకే ఫ్లాట్ కోసం ఇద్దరు ముగ్గురు "మాకే ఇవ్వండి" అనడం చాలాసార్లు చూశాను. అది అదృష్టం మీద నడిచే వ్యవహారం కాదు. డబ్బు సిద్ధంగా ఉన్న ముగ్గురు ఒకే వారంలో, కాగితాలు చూసుకుని, తమకు అందే ధర దగ్గర నిలబడితేనే పోటీ పుడుతుంది. దాన్ని మొదట్లోనే చంపేసే నమ్మకాలు మాత్రం చాలా ఉన్నాయి.

అపోహ: ముందు ఎక్కువ చెప్పాలి, బేరంలో ఎలాగూ తగ్గుతుంది

కొత్తిమీర కట్ట దగ్గర ఈ లెక్క పనికొస్తుంది. ఫ్లాట్ కొనేవాళ్లు ముందు ఫోన్‌లో "90 లక్షల లోపు, త్రీ బెడ్రూమ్" అని వెతుకుతారు. మీరు 95 అని పెట్టి మనసులో 90 అనుకుంటే, ఆ 90 వాళ్లకి మీ ఫ్లాట్ అసలు కనపడదు. 95 పెట్టగలిగినవాళ్లకి కనపడుతుంది, కానీ వాళ్లు అదే డబ్బుకి కొత్త బిల్డింగులు చూస్తున్నారు. ఇటూ కాక అటూ కాక మధ్యలో ఉండిపోతారు.

పెద్దాయన పై ఫ్లాట్‌కి 95 లక్షలు చెప్పారు, కింది ఫ్లాట్‌వాళ్లు 88. బ్యాంకు వాల్యుయర్ వచ్చి చూస్తే రెండింటికీ ఇంచుమించు ఒకే అంకె వేస్తాడు. 88 అనుకుందాం. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉండే ఇంటి అప్పు, ఆస్తి విలువలో 80 శాతం మించకూడదు. అంటే రెండు ఫ్లాట్లకీ లోన్ 70 లక్షల 40 వేలే. రిజిస్ట్రేషన్ ఖర్చుకి బ్యాంకు ఇవ్వదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. కింది ఫ్లాట్ 88కి కొనేవాళ్లు చేతి నుంచి తేవాల్సింది 24 లక్షల 20 వేలు. పైది 95కి కొనాలంటే 31 లక్షల 70 వేల పైమాటే. మీరు ఏడు లక్షలే ఎక్కువ చెప్పాననుకుంటారు, అవతల ఉద్యోగం చేసుకునే కుర్రాడు ఏడున్నర లక్షలు అదనంగా చేతిలోంచి తేవాలి. నాన్నగారి ఊళ్లో పొలం అమ్మితే తప్ప తేలేడు. పోటీకి రావాల్సిన పదిమందిలో ఎనిమిదిమంది ఆ ఒక్క అంకె దగ్గరే వెనక్కి పోతారు.

మరి సరైన రేటు ఎక్కడ దొరుకుతుంది? ఇళ్ల అమ్మకాల వెబ్‌సైట్లలో అయితే కాదు, అక్కడున్నవి అందరి కోరికలు. మీ అపార్ట్‌మెంట్‌లో, పక్క అపార్ట్‌మెంట్లలో గత ఆరు నెలల్లో నిజంగా చేతులు మారినవి ఎంతకి పోయాయో అసోసియేషన్ సెక్రటరీని అడగండి. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే సర్టిఫికెట్) కనపడే అంకె కొన్నిసార్లు అసలు ధర కంటే తక్కువే ఉంటుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకోకండి. ఆ రేటు దగ్గర, కుదిరితే ఒక్క మెట్టు కింద మొదలుపెట్టండి.

అపోహ: కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికింది, మనదీ పెరగాలి

ఈ మాట వారానికోసారి వింటాను. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వేసిన కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ప్లాటుకి ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికిన మాట నిజం. అందరూ మర్చిపోయేది కనీస ధర. ఎకరం 35 కోట్ల దగ్గర పాట మొదలైంది. వంద దగ్గర మొదలుపెట్టి ఉంటే ఎంతమంది వచ్చేవాళ్లో మీరే చెప్పండి.

ఆ వేలం నుంచి ఫ్లాట్ అమ్మేవాళ్లు నేర్చుకోవాల్సింది ధర కాదు, పద్ధతి. టైటిల్ (యాజమాన్య హక్కు) మీద అనుమానం లేదు, డిపాజిట్ కట్టినవాళ్లే పాటకి వచ్చారు, అందరికీ ఒకే రోజు, ఒకే గడువు. మీ రెండు బాల్కనీల ఫ్లాట్‌కి కూడా ఈ మూడూ చేయొచ్చు. అలాగని 88 లక్షల ఫ్లాట్‌ని 30కి పెట్టమని నేనట్లేదు. అంత తక్కువ చెప్తే కోర్టు కేసు ఉందేమో అనుకుంటారు.

అపోహ: "ఇంకో పార్టీ ఎక్కువ ఇస్తామంటోంది" అంటే చాలు

ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు నేనే ఈ తప్పు చేశాను. ఒక జంట ఫ్లాట్ చూసి బాగా ఇష్టపడ్డారు. ఇంకాస్త లాగుదామని, సాయంత్రంలోగా వేరే పార్టీ రెండు లక్షలు ఎక్కువకి టోకెన్ ఇస్తోందని చెప్పాను. ఆయన తలూపి కిందికి దిగి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో రెండు నిమిషాలు మాట్లాడాడు. "పదిహేను దినాల నుంచి ఎవ్వరు రాలే సార్, మీరే ఫస్టు" అన్నాడట వాడు. రాత్రి ఆవిడ ఫోన్ చేసి, "ఆ రెండు లక్షలు ఎక్కువిచ్చే పార్టీకే ఇచ్చేయండి మేడం" అని పెట్టేసింది. ఆ ఫ్లాట్ ఆ తర్వాత ఐదు నెలలు అలాగే ఉంది. ఓనరుకి అసలు కారణం చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

వాచ్‌మన్, ఇస్త్రీ అతను, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు... అపార్ట్‌మెంట్‌లో లేని పోటీని దాచడానికి చోటు లేదు. నిజంగా ఉన్న పోటీని చూపించడం మాత్రం తేలిక. కింది ఫ్లాట్‌వాళ్లు వారం మధ్యలో వస్తామన్నవాళ్లందరికీ ఒకటే చెప్పారు: "శనివారం, ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా తీసి ఉంచుతాం, రండి." రెండు రోజుల్లో పద్నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఒకరు చెప్పులు వేసుకుంటుంటే ఇంకొకరు విప్పుతున్నారు. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తూర్పు వాకిలి కాబట్టి ఆ టైముకి హాల్లో ఎండ పడుతుంది, అది కూడా చూసుకునే పది గంటలన్నారు.

ఆ తర్వాత ఆసక్తి చూపినవాళ్లందరికీ ఒకే మెసేజ్ వెళ్లింది: బుధవారం సాయంత్రం ఆరింటిలోగా మీ ధర, లోన్ ఎంత, మంజూరు లేఖ ఉందా, ఎన్ని రోజుల్లో రిజిస్ట్రేషన్ అనేది రాసి పంపండి. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పలేదు. రెండో రౌండ్ పెట్టలేదు. మనవాళ్ల దగ్గర ఇది గుర్తుంచుకోవాలి: ఒకసారి అడిగితే మర్యాద, మూడుసార్లు అడిగితే "మమ్మల్ని వేలంపాటలో నిలబెడతారా" అని మొహం మాడ్చుకుంటారు.

అపోహ: కాగితాలు అడ్వాన్సు తీసుకున్నాక చూపిద్దాం

ఎక్కువ బేరాలు చెడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

కింది ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద ఒక ఫైలు పెట్టారు. అందులో సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్ల (అంతకుముందు ఓనర్ల పత్రాలు) జిరాక్సులు, తాజా ఈసీ, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లెటర్ ఉన్నాయి. మొదటి పేజీ మీద చేత్తో రాసిన నాలుగు లైన్లు: ఎన్ని అడుగులు, అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఫ్లాట్ వాటా) ఎన్ని గజాలు, నెల మెయింటెనెన్స్ ఎంత, కారు పార్కింగ్ నంబరు. వచ్చినవాళ్లలో ఒకాయన ఫ్యాను కింద నిలబడి ఈసీ మొత్తం చదివాడు. ఫ్లాట్ చివరికి ఆయనే కొన్నాడు.

పాత ఫ్లాట్‌కి ఆ గజాల లెక్క పెద్ద బలం. కొత్త టవర్లలో వాటాకి వచ్చే భూమి తక్కువ. ఐదంతస్తుల పాత బిల్డింగులో ఎక్కువ ఉంటుంది. మీకు తెలియకపోతే కొనేవాళ్లకి ఎలా చెప్తారు?

ఓసీ లేకపోయినా, ప్లానుకి మించి ఒక అంతస్తు వేసి ఉన్నా ముందే చెప్పేయండి. బ్యాంకు లాయరు ఎలాగూ పట్టుకుంటాడు. మూడో వారంలో ఆయన పట్టుకునేసరికి పోటీకి వచ్చిన మిగతా ఇద్దరూ వేరే ఫ్లాట్ కొనేసి ఉంటారు.

ఓనర్లు అమెరికాలో ఉంటే ఇంకో చిక్కు. ఇక్కడ ఉండేవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే 1 శాతం టీడీఎస్ (కొనేవాళ్లు ధరలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోసి కడితే సరిపోతుంది. ఎన్నారై అమ్మితే లెక్క వేరు: దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, దానిమీద సర్‌ఛార్జి, సెస్సు. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, కొనేవాళ్లు చాలామంది భయపడి మొత్తం ధర మీదే కోసేస్తారు, లేదా ఈ గొడవంతా ఎందుకని పక్క ఫ్లాట్‌కి పోతారు. జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ఇక్కడున్న అన్నకో నాన్నకో ఇస్తే అక్కడ కాన్సులేట్ ముద్ర వేయించి, ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఇవన్నీ ఫొటోలు పెట్టకముందు పనులు. డిసెంబర్లో మూడు వారాల సెలవు పెట్టి వచ్చి "అమ్మేసి వెళ్తాం" అనేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

అపోహ: లోన్ ఉన్న ఫ్లాట్‌కి పోటీ రాదు

వస్తుంది. ఎంత బాకీ ఉందో, ఏయే ఒరిజినల్స్ తమ దగ్గర ఉన్నాయో మీ బ్యాంకు నుంచి లెటర్ తెచ్చి ఫైల్లో పెట్టండి. కొనేవాళ్ల బ్యాంకు నేరుగా ఆ బాకీ తీర్చేస్తుంది. పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో డాక్యుమెంట్లు తిరిగివ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి బ్యాంకుల మీద రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

అపోహ: పదిమంది బ్రోకర్లకి చెప్తే పదింతలు పార్టీలు

ఒకే ఫ్లాట్ ఆరు ఫొటోలతో, నాలుగు రేట్లతో కనపడుతుంది. ఒకతను 95, ఇంకొకతను 92, మూడోవాడు "అర్జెంటు సేల్". చూసినవాడు అందరికంటే తక్కువ చెప్పినవాడి అంకె నుంచి బేరం మొదలుపెడతాడు. ఇద్దరు చాలు, ఇద్దరికీ ఒకే రేటు రాసివ్వండి. (అవును, బ్రోకర్‌ని కాబట్టే చెప్తున్నాను. తప్పు మాత్రం కాదు.)

అపోహ: నాలుగు లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయిస్తే ఎగబడతారు

మీకు నచ్చిన ముదురు రంగు లామినేట్ వాళ్లు పీకేస్తారు. చెమ్మ ఆపండి, కుళాయిలు కారకుండా చూడండి, తెల్లటి సున్నం వేయించండి, అటక మీద సామాను దింపేయండి. చాలు.

అపోహ: ఆషాఢంలో, మూఢంలో ఎవరూ రారు

టోకెన్ ఇవ్వరు. చూడటానికి వస్తారు. ఆ నెల కాగితాలకి వాడుకుని శ్రావణంలో తలుపు తీయండి.

అపోహ: ఎక్కువ చెప్పినవాళ్లకే ఇవ్వాలి

కింది ఫ్లాట్‌కి బుధవారం సాయంత్రానికి మూడు మెసేజ్‌లు వచ్చాయి. ఒకరు 91 అన్నారు, కానీ షాద్‌నగర్‌లో ప్లాటు అమ్ముడుపోయాక. ఇంకొకరు 89.5: మంజూరు లేఖ చేతిలో ఉంది, 45 రోజుల్లో రిజిస్ట్రేషన్. మూడో ఆయన 87, అందులో ముప్పై లక్షలు "చేతిలో" ఇస్తానన్నాడు. ఆ మూడోది ముట్టుకోవద్దని చెప్పాను. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్ల మీదే అంత మొత్తం జరిమానా పడొచ్చు. పైగా నగదు వాటా అడిగే అమ్మకందారు దగ్గరికి లోన్ మీద కొనేవాళ్లు రారు. కాగితం మీద ధర తగ్గితే వాళ్ల లోనూ తగ్గుతుంది కదా.

వాళ్లు 89.5 తీసుకున్నారు. మిగతా ఇద్దరికీ అదే రాత్రి ఫోన్ చేసి, నంబర్లు ఉంచుకుంటామని మర్యాదగా చెప్పారు. అగ్రిమెంట్ అయిన నాలుగో రోజు ఒకతను 93 అంటూ వచ్చాడు. ఓనరు ఊగిపోయారు. వద్దన్నాను. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం మారాక, అగ్రిమెంట్ రాసుకుని తన వంతు నిలబెట్టుకున్న కొనుగోలుదారు కోర్టుకి వెళ్తే రిజిస్ట్రేషన్ చేసివ్వమనడమే మామూలు. అడ్వాన్సు వెనక్కిచ్చేస్తే సరిపోయే రోజులు కావివి.

పై ఫ్లాట్ పెద్దాయన పోయిన వారం 95 నుంచి 89కి దిగారు. పిల్లల గదిలో చెమ్మ బాగు చేయించారు. ఈ శనివారం పదింటికి తలుపు తీద్దామనుకున్నాం. ఫైలు సర్దుతుంటే ఒక లింకు డాక్యుమెంటు కనపడలేదు. కాకినాడలో కూతురి ఇంట్లో బీరువాలో ఉందట. ఆవిడ కొరియర్లో వేస్తానంటే, వద్దులే అని ఆయనే రైలెక్కారు. శనివారం వచ్చే వారానికి మారింది.