ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్లు: కంప్యూటర్‌కు కనపడేవి, కనపడనివి

ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పని చేసే మాకు రోజూ వినపడే మాటలివి.

అపోహ: పేషెంట్ల రికార్డులు గాలించే సాఫ్ట్‌వేర్ పెట్టాం కాబట్టి ఇన్‌ఫెక్షన్లను ఇక అదే పట్టుకుంటుంది.

వాస్తవం: అది అనుమానం ఉన్న కేసులను మాత్రమే పక్కకు తీస్తుంది. పేషెంట్ మళ్లీ అడ్మిట్ అయ్యారా, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారా, చీమును కల్చర్‌కు (ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్షకు) పంపారా, యాంటీబయాటిక్ మామూలు కంటే ఎక్కువ రోజులు నడిచిందా అని చూస్తుంది. వాటిలో నిజమైన ఇన్‌ఫెక్షన్ ఏదో కేస్‌షీట్ చదివి తేల్చాల్సింది మనిషే. అన్ని కేస్‌షీట్లూ తిరగేసే చాకిరీ తప్పుతుంది, అదే పెద్ద మేలు.

అపోహ: కల్చర్ పాజిటివ్ అంటే ఇన్‌ఫెక్షనే.

వాస్తవం: గాయం మీద పైపైన స్వాబ్ (నమూనా తీసే దూది పుల్ల) రుద్దితే చర్మం మీద మామూలుగా ఉండే క్రిములు కూడా పెరుగుతాయి. కుట్టు దిగిన చోట మాత్రమే కాస్త ఎరుపు, చుక్క చీము ఉంటే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిర్వచనం ప్రకారం దాన్ని ఇన్‌ఫెక్షన్‌గా లెక్కలోకి తీసుకోరు. ఈ తేడా ల్యాబ్ రిపోర్టులో ఉండదు, కట్టు విప్పి చూసిన నర్సు రాసిన నోట్సులో ఉండాలి. అక్కడ 'డ్రెస్సింగ్ డన్' అని రాసి వదిలేస్తే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా దండగే.

అపోహ: డిశ్చార్జ్ రోజుకు గాయం బాగుంటే గండం గడిచినట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. సిజేరియన్‌కు 30 రోజులు, మోకీలు మార్పిడిలో లోపలి ఇన్‌ఫెక్షన్లకైతే 90 రోజులు గమనించాలి. ఆపరేషన్ జరిగిన రోజే ఒకటో రోజు. మన దగ్గర సిజేరియన్ అయిన అమ్మాయి కొద్దిరోజులకే పుట్టింటికి వెళ్తుంది. కుట్టు దగ్గర రసి కారితే ఊళ్లో ఆర్‌ఎంపీ కట్టు మార్చి, నాలుగు మాత్రలు ఇస్తాడు. తగ్గిపోతుంది కూడా. మా సిస్టమ్‌లో మాత్రం ఆమెకు ఏమీ కానట్టే! అందుకే ఫోన్ చేయక తప్పదు. "బాగున్నారా అమ్మా?" అంటే "బాగున్నానండీ" అనేస్తారు. "కుట్టు దగ్గర తడిగా ఉందా? బట్ట అంటుకుంటోందా?" అని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. వాట్సాప్‌లో ఫొటో పంపమంటాం, కానీ వేడి, నొప్పి ఫొటోలో తెలియవు కదా.

అపోహ: ఎక్కువ ఇన్‌ఫెక్షన్లు చూపించే ఆసుపత్రి చెడ్డది.

వాస్తవం: బాగా వెతికితే ఎక్కువ బయటపడతాయి. సున్నా అని చెప్పేచోట, డిశ్చార్జ్ అయినవాళ్లకు ఎవరు ఫోన్ చేస్తున్నారో అడగండి. అమెరికాలో 1985లో వెలువడిన సెనిక్ అధ్యయనంలో గట్టి నిఘా, నియంత్రణ ఉన్న ఆసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్లు దాదాపు మూడో వంతు తగ్గాయని తేలింది. ఏ సర్జన్ ఇన్‌ఫెక్షన్ అంకెలు ఆ సర్జన్ చేతికి ఇవ్వడం కూడా అందులో భాగమే.