సమరయ లిపిలో నెకుదా చుక్క: అపోహలు - వాస్తవాలు

బైబిల్లోని మంచి సమరయుడి కథ తెలిసినవాళ్లలో చాలామందికి ఆ సమరయులు ఇప్పటికీ ఉన్నారని తెలియదు. నాబ్లస్ పక్కన గెరిజీము కొండ మీదా, టెల్ అవీవ్ దగ్గరి హోలోన్‌లోనూ ఉంటారు. తమ పవిత్ర గ్రంథం తోరాను సొంత లిపిలోనే చదువుకుంటారు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలోకి ఆ లిపి 2009లో, 5.2 వెర్షన్‌తో వచ్చింది. మొత్తం 61 కోడ్లు, అందులో విరామ చిహ్నాలు 15. తగువంతా ఆ 15లో మొదటిదాని దగ్గరే: కోడ్ 0830, పేరు నెకుదా.

అపోహ: చుక్కే కదా, ఏ చుక్క పెడితేనేం?

వాస్తవం: ఎక్కువ ఫైళ్లు చెడేది ఇక్కడే. 0830 వాక్యాలను విడదీసే చిహ్నం. తర్వాతి కాలంలో వాక్యం లోపలి చిన్న విరామానికీ వాడారు. పదాల మధ్య పెట్టే చిన్న చుక్క వేరు, దానికి 2ఈ31. సమరయ బ్లాకులో వెతికితే దొరకదు. 082డీ పేరులోనూ నెకుదా ఉంది గానీ అది విరామం కాదు, ఆ పదానికి పాఠాంతరం ఉందని చెప్పే సంపాదకుల గుర్తు. అక్షరం మీదకెక్కి కూర్చునే రకం కాబట్టి ఒంటరిగా కొడితే చుక్కల వలయం వస్తుంది. వలయం కనిపించిందంటే తప్పు నెకుదా కొట్టారన్నమాట. అచ్చుల (స్వరాల) గుర్తులు తీసేసే స్క్రిప్టు నడిపితే 082డీ కూడా వాటితోపాటే పోతుంది, 0830 నిలుస్తుంది.

అసలు దెబ్బ కీబోర్డు మీది ఫుల్‌స్టాప్‌నో, 00బీ7 మధ్యచుక్కనో వాడినప్పుడు. 0830కి సమరయ అక్షరాల్లాగే కుడి నుంచి ఎడమకి అనే దిశ సొంతంగా ఉంది. వీటికి లేదు, పక్కవాటిని చూసి తిరుగుతాయి. రెండు సమరయ పదాల నడుమ ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి, అందుకే ప్రూఫుల్లో దొరకవు. తెలుగు పేరాలో సమరయ వాక్యం చివర పడ్డాయా, ఎడమ కొసన ఉండాల్సిన చుక్క కుడి కొసకి, అంటే వాక్యం మొదటికి దూకుతుంది. అది చూసి చుక్కను వాక్యానికి ముందు కొట్టి సరిపెడతారు. పేరా దిశ మార్చగానే మళ్లీ తప్పు. జరపకండి, 0830గా మార్చండి. అన్ని ఫుల్‌స్టాప్‌లనూ ఒకేసారి మార్చితే తెలుగు వాక్యాలూ పోతాయి. 0800 నుంచి 082డీ లోపలి కోడ్ వెనకాల వచ్చినవే మార్చాలి. 2ఈ31కీ సొంత దిశ లేదు, అది చివర రావాల్సి వస్తే వెనక 200ఎఫ్ (కుడి నుంచి ఎడమకి అని చెప్పే కనిపించని గుర్తు) పెట్టండి. హెచ్‌టీఎంఎల్‌లో 0830కి దశాంశ సంఖ్యతో ࠰ రాస్తే సరి.

అపోహ: డబ్బాలు కనిపిస్తున్నాయి, ఫైలు పాడైంది.

వాస్తవం: కంగారొద్దు. ఫాంట్ లేదు, అంతే. నోటో శాన్స్ సమారిటన్ వేస్తే వచ్చేస్తుంది. ప్రశ్నార్థకాలు వస్తేనే భయం: డేటాబేసులో లాటిన్-1 (పాశ్చాత్య అక్షరాలకే చోటున్న పాత కోడింగు) కాలమ్‌లోకి ఎక్కించారు, అక్షరం పోయింది, ఇక బ్యాకప్పే దిక్కు. నెత్తిన గీత ఉన్న లాటిన్ ‘ఏ’లు బారులు తీరితే అది ఇంకో రకం: యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా దాచే పద్ధతి) ఫైలును విండోస్-1252 అనే పాత కోడింగుగా తెరిచారు. తెలుగు ఫైళ్లలోనూ చూసే ఉంటారు. రెండు లిపులకీ యూటీఎఫ్-8లో మొదటి బైట్ ఈ0. అయితే సమరయ కోడ్లన్నిటికీ రెండో బైట్ ఏ0, విండోస్-1252లో అది విడిపోని ఖాళీ. ఎడిటర్ దాన్ని మామూలు స్పేస్ చేసి సేవ్ చేస్తే మామూలు మార్పిడితో వెనక్కి రాదు. ముందుగా, ఈ0 తర్వాత 20 (మామూలు స్పేస్) ఉన్నచోట ఆ 20 తీసి ఏ0 పెట్టుకోవాలి. అంతదూరం రాకుండా, సేవ్ కొట్టకుండా మూసి యూటీఎఫ్-8గా తెరవండి.

అపోహ: హీబ్రూ కోడ్లకి సమరయ ఫాంట్ తగిలిస్తే చాలు.

వాస్తవం: ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అంతా చదరపు హీబ్రూ అయిపోతుంది. పైగా హీబ్రూ బ్లాకులో ఈ 15 చిహ్నాలు లేవు. పాత డీటీపీ ఫాంట్ల తెలుగు ఫైళ్లతో కుస్తీ పట్టినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: డేటాబేసు యూటీఎఫ్8ఎంబీ4 (నాలుగు బైట్ల అక్షరాలూ పట్టే రకం) కాకపోతే పట్టదు.

వాస్తవం: సమరయ అక్షరానికి మూడు బైట్లే. మైఎస్‌క్యూఎల్ పాత యూటీఎఫ్8లోనూ పడుతుంది.

అపోహ: కలిపి వాడే చిహ్నాలకి వేరే కోడ్లున్నాయి.

వాస్తవం: లేవు. నెకుదా, జికా (ఇంకో విరామ చిహ్నం), నెకుదా కలిసి రావాలంటే 0830, 0838, 0830 వరుసగా కొట్టడమే.