గొడ్డలి కామ చెప్పే తూటా లెక్క

మొన్న ఆదివారం డాలస్ నుంచి నా పాత శిష్యుడు ఫోన్ చేశాడు. పాకాల కుర్రాడు. తిరుపతిలో నా దగ్గర ఇంటర్ ఫిజిక్స్ చదివాడు. ఇప్పుడు గ్రీన్ కార్డు వచ్చి, అక్కడ పెట్రోల్ బంకు, దాని పక్కనే చిన్న దుకాణం నడుపుతున్నాడు. రాత్రి పదకొండు దాకా ఒంటరిగా కూర్చోవాలంటే టెన్షన్‌గా ఉందని, అక్కడి చట్టప్రకారం ఒక రివాల్వర్ కొన్నాడు. చొక్కా కింద కనపడనంత చిన్నది. బరువు 340 గ్రాములే.

"సార్, ఇందులో .38 స్పెషల్ పడుతుంది, .357 మాగ్నమ్ కూడా పడుతుంది. షాపులో మాగ్నమే వేసుకోమన్నారు. మీరేమంటారు?"

రెండూ తూటా రకాలే, మాగ్నమ్‌ది వేగం ఎక్కువ. మన దగ్గరైతే ఈ ప్రశ్నే రాదు. లైసెన్సు ఉన్న మామూలు పౌరుడికి రివాల్వర్ అంటే దాదాపుగా .32 బోరే. బోరు అంటే గొట్టం వెడల్పు, అంగుళాల్లో. కాన్పూరులో తయారై 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ కూడా అదే బోరు, బరువు సుమారు అర కిలో. అక్కడ ఎంపిక ఉంది కాబట్టి తికమక కూడా ఉంది.

ముందు తన్నుడు, అంటే పేల్చగానే రివాల్వర్ వెనక్కి తన్నడం, సంగతి చూద్దాం. తూటా మూతిలో బిగించి ఉండి, పేల్చితే దూసుకెళ్లేది బుల్లెట్. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టే, అదీ ఒకప్పటి ధాన్యపు గింజ లెక్క. పదిహేనున్నర గ్రెయిన్లు ఒక గ్రాము. మాగ్నమ్‌లో 125 గ్రెయిన్ల బుల్లెట్ అంటే 8.1 గ్రాములు. పొట్టి గొట్టంలోంచి సెకనుకు దాదాపు 380 మీటర్ల వేగంతో వెళుతుంది. దాని వెనకే మండిన మందు వాయువులు ఇంకా వేగంగా దూసుకుపోతాయి. రెండూ కలిపి ద్రవ్యవేగం, అంటే కిలోల్లో ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, సుమారు 4.4 యూనిట్లు. దాన్ని 0.34 కిలోలతో భాగించండి. రివాల్వర్ సెకనుకు 13 మీటర్ల వేగంతో అరచేతిలోకి వస్తుంది! శక్తి 29 జౌళ్లు. అదే రివాల్వర్‌లో 158 గ్రెయిన్ల .38 వేస్తే 8 మీటర్లు, 11 జౌళ్లు. ఇదే మాగ్నమ్‌ను కిలో బరువున్న పెద్ద రివాల్వర్‌లో పేల్చినా చేతికి వచ్చేది 10 జౌళ్ల లోపే. అంటే ఆ బుల్లిదానిలో .38 పేల్చడమంటే పెద్దదానిలో మాగ్నమ్ పేల్చడమే.

చర్యకు ప్రతిచర్య సమానం అని రెండు మార్కులకు రాసే పిల్లల చేత ఈ భాగహారం ఒక్కసారైనా చేయించాలని నా తపన. చేసినవాడు, సినిమాలో తూటా తగిలిన మనిషి పది అడుగులు ఎగిరిపడడం చూసి, మరి పేల్చినవాడు ఎందుకు ఎగిరిపడలేదని తనే అడుగుతాడు.

కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది తన్నుడు కాదు. పేల్చిన తూటా తన దారిన పోయింది. అయిదు తూటాలు పట్టి గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో, పేలకుండా కూర్చున్న మిగతా నాలుగింటి మాటేమిటి?

మా ఊళ్లో కమ్మరి గొడ్డలికి కామ బిగించడం చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేవాణ్ణి. కామను ఇనుప తలలో దూర్చి, తల కిందికి వేలాడేట్టు గాల్లో పట్టుకుని, కామ పైకొనను సుత్తితో ఠంగుమని కొట్టేవాడు. దెబ్బ కిందికి, తల మాత్రం కామ మీద పైకి ఎగబాకేది! నిజానికి తల ఎక్కడికీ కదల్లేదు. కామే దాన్ని దాటి కిందికి దిగింది. బరువైన ఇనుము జడత్వంతో ఉన్నచోటే ఉండిపోయింది.

తూటా కూడా అంతే. ఇత్తడి గొట్టం కామ, దాని మూతిలో బిగించిన బుల్లెట్ ఇనుప తల. పక్క తూటా పేలగానే రివాల్వర్ వెనక్కి తంతుంది, గొట్టాన్ని అంచు పట్టుకుని తనతో లాక్కుపోతుంది. బుల్లెట్ ఉన్నచోటే ఉండాలనుకుంటుంది. మాగ్నమ్ దెబ్బకు, బుల్లెట్ ఇంకా రివాల్వర్ గొట్టం దాటేలోపే, సెకనులో సుమారు రెండువేల అయిదువందలో వంతు కాలంలో రివాల్వర్ 9 మీటర్ల వేగం అందుకుంటుంది; 13లో మిగతాది వెనకొచ్చే వాయువులు ఇచ్చేది. ఆ త్వరణం గురుత్వానికి రెండు వేల రెట్లకు పైనే. ఆ క్షణంలో 8 గ్రాముల బుల్లెట్‌కు 18 కిలోల బరువు వేలాడదీసినట్టు లెక్క. .38 అయితే సుమారు 10 కిలోలు. దాన్ని పట్టి ఆపేది గొట్టం మూతిని లోపలికి నొక్కిన సన్నటి మడత ఒక్కటే. కమ్మరి చివర్లో కొట్టే చీల లాంటిది అది.

చీల వదులైతే తల జారుతుంది. తల బరువెక్కువైతే ఇంకా జారుతుంది. కామకు నూనె రాస్తే చెప్పనక్కర్లేదు. అందుకే బాగా తేలికైన రివాల్వర్లలో పూత లేని సీసం బుల్లెట్లు వాడవద్దని హెచ్చరిస్తారు. మెత్తటి సీసం, పైగా దాని మీద జిడ్డు. అన్నట్టు, ఆయుధపూజనాడు తుపాకికి బొట్టు పెట్టుకోండి, తూటాలకు మాత్రం నూనె పూయకండి. అది అడుగునున్న నిప్పురవ్వ మందులోకి దిగితే తూటా పేలకపోవచ్చు.

పైగా దెబ్బలు కూడుతాయి. రెండో తూటాకు ఒక్క కుదుపు, అయిదోదానికి నాలుగు. నాలుగు సుత్తి దెబ్బలకు బుల్లెట్ సిలిండర్ ముందుకు తోసుకొచ్చిందంటే సిలిండర్ తిరగదు. ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు అంతకన్నా చెడ్డది లేదు.

మాగ్నమ్ ఇచ్చే అదనపు వేగమూ రివాల్వర్ పొట్టి గొట్టంలో పూర్తిగా దక్కదు. 1935లో వచ్చిన ఆ తూటాలో నిదానంగా కాలే మందు ఎక్కువ. అయిదు సెంటీమీటర్ల గొట్టంలో కొంత కాలకుండానే బయటపడి మంటగా, మోతగా పోతుంది.

".38 వెయ్యి నాయనా" అన్నాను. "కానీ నా మాట నమ్మకు, కొలువు. ఫస్టియర్ ల్యాబ్‌లో మొదటి ప్రయోగం ఏంటి?"

"వెర్నియర్ కాలిపర్స్ సార్."

అక్కడి షూటింగ్ రేంజిలో ఒక్కో రకానివి అయిదేసి తూటాలు రివాల్వర్‌లో నింపమన్నాను. అయిదోదాని పొడవు ముందే కొలిచి, గుర్తు పెట్టి, నాలుగు పేల్చి, దాన్ని బయటికి తీసి మళ్లీ కొలవమన్నాను. నిన్న రాత్రి వాట్సాప్‌లో పంపాడు. మాగ్నమ్: ముందు 40.0 మిల్లీమీటర్లు, తర్వాత 40.8. .38: ముందు 38.9, తర్వాత 38.9. కింద ఒక ఫొటో. గల్లాపెట్టె మీద ఆ రెండు తూటాలు పక్కపక్కన, మధ్యలో కాలిపర్స్.