దొరికిన నాణేన్ని తోమకండి: మ్యూజియం వస్తువులపై అపోహలు - వాస్తవాలు

"బాగా తోమి తెచ్చామండీ, అక్షరాలు కనిపిస్తాయేమో చూడండి." అమరావతి, భట్టిప్రోలు వైపు పొలాల్లో పాత నాణెం దొరికినవాళ్లు మ్యూజియంలో మాతో తరచూ అనే మాట ఇది. చాలాసార్లు ఆ తోముడుకే అక్షరాలు పోయుంటాయి.

అపోహ: మురికి వదిలిస్తే నాణెం విలువ పెరుగుతుంది.

వాస్తవం: అది మురికి కాదు. శతాబ్దాలు మట్టిలో ఉన్న రాగి పైన ఆకుపచ్చ తుప్పు కడుతుంది. అచ్చుగుద్దిన బొమ్మ, ఆనాటి బ్రాహ్మీ లిపి అక్షరాలు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. చింతపండు, నిమ్మరసం ముందుగా కరిగించేది దాన్నే. చివరికి చేతిలో ఎర్రగా మెరిసే బోసి బిళ్ల మిగులుతుంది, అది ఏ రాజుదో ఇక ఎవరూ చెప్పలేరు.

మన ప్రాంతంలో దొరికే శాతవాహన నాణేల్లో సీసంవి ఎక్కువ. సీసం మెత్తన. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఓడ బొమ్మ నాణెం మీద తెరచాప కొయ్యలు సన్నటి గీతలు, పీచు పెట్టి రుద్దితే చెరిగిపోతాయి. చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో దాచినా ముప్పే: వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి విషం, ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి.

నాణెం కదపకముందే, సైజు తెలిసేలా పక్కన పెన్ను పెట్టి ఫోటో తీయండి. సర్వే నంబరు, ఎంత లోతులో దొరికిందో రాసుకోండి. మట్టితో సహా నీడలో ఆరనిచ్చి, ఒక్కో నాణేన్ని విడిగా జిప్ కవరులో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. పొట్లంలోని నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే పొట్లం మార్చాలి. రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఆలస్యం చేయకుండా మ్యూజియంలో చూపించండి. ఉప్పు, తేమ కలిసి లోహాన్ని లోపలినుంచి తినేస్తున్నట్టు.

అపోహ: చెబితే ప్రభుత్వం లాక్కుంటుంది, కేసు పెడుతుంది.

వాస్తవం: ఈ భయంతోనే ఎందరో దొరికినదాన్ని కంసాలి దగ్గర కరిగించేస్తారు. వాళ్ల కంగారు అర్థమవుతుంది, కానీ కేసు అయ్యేది దాచినప్పుడే. 1878 నాటి నిధి చట్టం ప్రకారం రూ.10 విలువ దాటిన నిధి, అంటే నేలలో దాగిన ఏదైనా విలువైన వస్తువు, దొరికితే ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడన్నది కలెక్టరుకు రాసివ్వాలి. విచారణలో అది ఎవరిదీ కాదని తేలి, మీకూ పొలం యజమానికీ ఒప్పందం లేకపోతే ముప్పావు వంతు మీది, పావు వంతు ఆయనది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువపై ఐదో వంతు అదనంగా చెల్లించాలి. దాస్తే ఏడాది వరకు జైలు.

తాతల నాటి తాటాకు గ్రంథాల విషయంలోనూ జనానికి ఇదే భయం. అవి మీ ఇంట్లోనే ఉండొచ్చు, దేశం మాత్రం దాటించకూడదు. తడిగుడ్డతో తుడవకండి, గంటంతో (తాటాకుపై రాసే ఇనుప పుల్లతో) గీసిన గీతల్లో నింపిన మసి లేచిపోతుంది. ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ వద్దు.

అమరావతి శిల్పాలు పాలరాయి కావు, పల్నాడు సున్నపురాయి. అందుకే పొలం గట్టున శిల్పం కనిపిస్తే దానిపై పులుపు, యాసిడ్ ఏదీ పోయకండి, రాయి నురగలు కక్కుతూ కరుగుతుంది.

పిల్లల్ని మ్యూజియానికి తీసుకొచ్చే మాస్టార్లకు ఒక్క మాట. గడ్డి కుక్కిన పాత జంతువుల చర్మాలకు పురుగు పట్టకుండా ఒకప్పుడు ఆర్సెనిక్ అనే విషం పూసేవారు. ముట్టుకోవద్దనేది పిల్లల ఆరోగ్యం కోసమే. తాకి చూడటానికి నకళ్లుంటే వాటినే అడగండి.