కట్టె పట్టకుండ క్లాస్ నడిపేటోళ్ళ కోసం: అపోహలు - వాస్తవాలు

దేవరకొండ దిక్కు తండాల నడుమ ఉన్న సర్కారు బడిల లెక్కలు చెప్త నేను. కొత్తగ డీఎస్సీల వచ్చిన తమ్ముండ్లు, చెల్లెండ్లు ఫోన్ జేస్తే సిలబస్ గురించి అడిగేది తక్కువ, "అన్నా, ఏడో క్లాస్ అస్సలు కంట్రోల్ అయితలేదు, ఏం జెయ్యాలె" అనే ఎక్కువ. స్టాఫ్ రూంల వాళ్ళకు దొరికే సలహాలల్ల శానా తప్పులుంటున్నయ్, అందుకే రాస్తున్న.

అపోహ: చేతిల కట్టె ఉంటేనే భయం, భయం ఉంటేనే చదువు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం, 2009ల వచ్చింది, 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టుడే గాదు, మానసికంగ వేధించుడు గూడ నిషేధం. గోడకుర్చీ, గుంజీలు అన్నీ దాంట్లకే వస్తయ్. చట్టం ఒక్కటే గాదు, నా సొంత అనుభవం గూడ చెప్త. మొదట్ల నేను గూడ కట్టె వట్టినోన్నే. 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసినందుకు ఒక పిల్లను కొట్టిన, వారం దిరగకముందే నోట్స్ దిద్దుతుంటే సగం మందివి ఖాళీ పేజీలే, ఎందుకంటే తప్పు రాస్తే దెబ్బ, రాయకపోతే ఇంటికాడ మర్చిపోయిన అంటే అయిపాయె. 2/5 రాసిన పిల్ల పైనియి పైన, కిందియి కింద కూడిందని నాకు కనబడ్తది, ఆడికెల్లి చెప్పొచ్చు. ఖాళీ పేజీ జూసి ఏం చెప్పాలె? కట్టె నాకు కావాల్సిన తప్పునే దాచిపెట్టింది, ఆ పిల్లకు చేసిన అన్యాయం నాకిప్పటికీ బాధే.

అపోహ: అల్లరి మొదలైనంక గట్టిగ అరిస్తె ఆగుతది.

వాస్తవం: అమెరికాల జాకబ్ కౌనిన్ అనే ఆయన క్లాసులను వీడియో తీసి పరిశీలించి 1970 సంవత్సరంల చెప్పిందేందంటే, మంచిగ నడిచే క్లాసుకు, నడవని క్లాసుకు తేడా అల్లరైనంక టీచర్ ఎట్ల తిట్టిండన్న దాంట్ల లేదు, అల్లరి కాకముందు ఏం జేసిండన్న దాంట్ల ఉందని. నాకు అది మధ్యాహ్నం అన్నం తర్వాత పీరియడ్‌ల రోజూ కనబడ్తది. పిల్లలు నల్లకాడ ప్లేట్లు కడిగి ఇద్దరు ముగ్గురుగ వస్తుంటరు, అందరొచ్చేదాక ఆగితే ముందొచ్చినోళ్ళు ఊకె ఎట్ల కూసుంటరు? అందుకే బెల్లు కొట్టకముందే బోర్డు మీద రెండు లెక్కలు రాసి పెడ్త, వచ్చినోళ్ళు వచ్చినట్టు మొదలువెడ్తరు, నేను తలుపుకాడ నిలవడి పేరు పెట్టి పలకరిస్త. అరిచే పనే తగ్గింది.

అపోహ: లీడర్‌తోని బోర్డు మీద మాట్లాడినోళ్ళ పేర్లు రాపియ్యాలె. ఇది బంద్ చేయుండ్రి. దోస్తుల పేర్లు రాయరు, గొడవ గేటు బయట తేలుతది.

అపోహ: జవాబు చెప్పనోనికి ఏం రాదు, చెప్పలేక అల్లరి జేస్తడు.

వాస్తవం: మా బడిల సగానికెక్కువ పిల్లలు ఇంట్ల లంబాడి మాట్లాడ్తరు, నా ప్రశ్న వాళ్ళు ముందు సమజ్ చేసుకోవాలె, తర్వాత జవాబుకు తెలుగు మాట దేవులాడుకోవాలె. మనమేమో ప్రశ్న అడిగి సెకను గూడ ఆగం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగైతయని చూపించింది. మా కాడ నేను మనసుల అయిదు దాక లెక్కవెడ్త.

అపోహ: పత్తి ఏరుడుకు పోయొచ్చినోళ్ళు క్లాస్ ఖరాబ్ జేస్తరు.

వాస్తవం: అమ్మానాయినల ఎంబడి రెండు మూడు వారాలు చేన్లకు పోయొచ్చిన పిల్లగానికి పాఠం అందదు, అందకపోతే పక్కోన్ని కదిలిస్తడు, అంతే. పోయినేడు అట్ల వచ్చిన పిల్లగాన్ని దశాంశాల పాఠంల అమ్మ ఏరిన పత్తి తూకం చెప్పమన్న. 43.5 కిలోలు, కిలోకింత అని కూలి వానంతట వాడే బోర్డు మీద ఏసి చూపెట్టిండు, తరుగు కింద ఎంత కోసుకున్నరో గూడ చెప్పిండు. నవంబర్ రాకముందే మీరు గూడ తూకం లెక్కలు ఒక పేజీ రాసి పెట్టుకోండ్రి, వాళ్ళొచ్చిన రోజే ఇయ్యనీకి.