పిల్లల మనోవర్తి: పాతిక శాతం లెక్క ఏ చట్టంలోనూ లేదు

"ఆయనకి ఇరవై వేలు జీతమండీ. పాతిక శాతమంటే ఐదు వేలు. అంతేగా మేడమ్ బాబుకొచ్చేది?" నా దగ్గరికొచ్చే తల్లుల్లో చాలామంది ముందే ఈ లెక్క వేసుకుని వస్తున్నారు. తండ్రుల తరఫున వకాల్తా వేసినా అదే మాట: "పాతిక శాతం మించి వెయ్యకూడదటగా!" అమలాపురంలో ఇదే, భీమవరంలోనూ ఇదే. ఎవరు చెప్పారమ్మా అంటే ఫోన్లో వీడియో చూపిస్తారు. ఈ పుకారు వల్ల పిల్లలు నష్టపోయినంతగా ఇంకే పుకారు వల్లా నష్టపోవడం నేను చూడలేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: పిల్లల మనోవర్తి అంటే తండ్రి జీతంలో పాతిక శాతం.

వాస్తవం: పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125 సెక్షన్‌లో శాతం మాటే లేదు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 144లో లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోనూ లేదు. 2017లో సుప్రీంకోర్టు కళ్యాణ్ డే చౌదరి కేసులో భర్త నికర జీతంలో పాతిక శాతం సబబని అంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఊరంతా తిప్పుతున్నారు. అక్కడ ఆ మాట అన్నది భార్య మనోవర్తి గురించి. భర్త మళ్లీ పెళ్లి చేసుకుని ఇంకో సంసారం మోస్తున్నాడని, అంతకుముందు వేసిన 23,000ని 20,000కి తగ్గించారు. దానికీ మీ మూడో తరగతి పిల్లాడి స్కూలు ఫీజుకీ ఏం సంబంధం?

పిల్లల లెక్క ఎలా నడవాలో చూడాలంటే 2000 నాటి సుప్రీంకోర్టు పద్మజా శర్మ తీర్పు చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగులే. ఆయన జీతం ఆవిడ జీతానికి సుమారు రెట్టింపు. ఒక్కో బిడ్డకి నెలకి 3,000 కావాలని ముందు తేల్చి, ఆ తరవాత రెండు వంతులు తండ్రి, ఒక వంతు తల్లి భరించాలన్నారు. ముందు బిడ్డ ఖర్చు, ఆ తరవాతే వంతులు.

రావులపాలెంలో ఒక పిల్లాడు అనుకుందాం. ఫీజు ఏడాదికి 36,000, బస్సు 9,600, పుస్తకాలూ యూనిఫామూ 8,400. మొత్తం 54,000, అంటే నెలకి 4,500. తిండీ పాలూ 3,000, ఇంటద్దెలో వాడి వాటా 1,000, ట్యూషన్ 800, బట్టలూ మందులూ 1,200. వెరసి 10,500. తండ్రికి 20,000, తల్లికి 10,000 వస్తుంటే ఆయన వంతు 7,000, ఆవిడ వంతు 3,500. పాతిక శాతం నమ్ముకున్న తల్లి పిటిషన్‌లో ఐదు వేలే రాయిస్తుంది. అడిగినదానికి మించి రావడం అరుదు. ఏడాదికి 24,000 అక్కడే పోయింది. ఇదే అంకె ఖాయమని నేను చెప్పను. ఆయన ముసలి తల్లిదండ్రుల్ని సాకుతుంటే అదీ చూస్తారు. సొంత సోకులకి తీసుకున్న అప్పుల వాయిదాలు చూపించి "చేతికి తొమ్మిది వేలే వస్తోందండి" అంటే మాత్రం సాధారణంగా వినరు.

కాబట్టి భర్త జీతం కాగితం ఒక్కటే పట్టుకుని రాకండి. ఖర్చు రాయండి. ఆచంట వైపు నుంచి ఒకావిడ వచ్చేది, కొబ్బరి పీచు పనికి వెళ్లేది. పాపకి ఉబ్బసం. పాప పాత రఫ్ నోటు వెనక పేజీల్లో తారీకులతో రాసుకొచ్చింది: నెబ్యులైజర్ 100, ఆటో 60, ఇడ్లీ 20. "వీటికి బిల్లులేవీ?" అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు గట్టిగా అడిగారు. "ఆటోవాడు బిల్లు ఇవ్వడండి, తారీకు చూసుకోండి" అంది. ఆసుపత్రి చీటీల తారీకులతో సరిపోయాయి. మెడికల్ ఖర్చు మీద ఆపైన ఒక్క ప్రశ్న లేదు.

అపోహ: జీతం లేనివాడి నుంచి ఏమీ రాదు. చేపల చెరువులు, కొబ్బరితోట అయితే లెక్కే తేలదు.

వాస్తవం: 2020 నవంబరు 4న రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులూ అప్పుల అఫిడవిట్ వెయ్యాలంది. వ్యవసాయదారులకి వేరే నమూనా కూడా ఇచ్చింది. భూమి ఎంత, మాగాణా మెట్టా, ఏం పంట, కౌలుకి ఇచ్చారా తీసుకున్నారా, పశువులెన్ని, గత మూడేళ్లలో ఎంతొచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. మన డెల్టాకి ఇంతకంటే పనికొచ్చే కాగితం లేదు. మా దగ్గర చాలామంది దాన్ని హడావుడిగా నింపి పడేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. అడంగల్, 1బి లాంటి పొలం రికార్డులు, ఈ-క్రాప్ పంట నమోదు తియ్యండి. కోర్టులో కూలీనన్న మనిషి బ్యాంకు క్రాప్ లోను దరఖాస్తులో నాలుగెకరాలు చూపించిన కేసులున్నాయి.

మూడేళ్ల లెక్క తండ్రికీ న్యాయమే. రొయ్యకి వైట్‌స్పాట్ రోగం తగిలి వరసగా పంటలు పోయిన ఒకాయన తరఫున నేను వాదించాను. మేత కొట్టు బాకీలు, పట్టుబడి బిల్లులు అన్నీ పెట్టాం. పిల్లల్ని ఎగ్గొట్టాలని ఆయనకి లేదు, భయంతో నిద్రపోయేవాడు కాదు. మంచి పంట పడిన ఏడాది ఒక్కటే చూసి వేస్తే ఆయన ఎక్కడ కడతాడు? పరిస్థితి మారితే అంకె మార్చమని బీఎన్‌ఎస్‌ఎస్ 146 కింద పిటిషన్ వేసుకోవచ్చు, పెంచడానికైనా తగ్గించడానికైనా.

ఇంకొకటి మన దగ్గరే ఎక్కువ కనిపిస్తుంది. తల్లి కువైట్‌లో ఇంటిపని, తండ్రి ఇక్కడ ఆటో, బిడ్డ అమ్మమ్మ దగ్గర. అప్పుడు తల్లికీ బాధ్యత ఉంది. 1956 చట్టం 20వ సెక్షన్ ఇద్దరినీ బాధ్యుల్ని చేసింది. ఆవిడ ఏజెంటుకి తీర్చే అప్పు కూడా లెక్కలోకి రావాలి. ఆవిడ దీనార్లు చూపించి తండ్రి చేతులు దులుపుకుంటానంటే కుదరదు.

మిగతావి గబగబా. తల్లికి ఉద్యోగముంటే తండ్రి కట్టక్కర్లేదా? కట్టాలి, వంతు మారుతుంది. బిడ్డని చూపించట్లేదని డబ్బు ఆపొచ్చా? ఆపకూడదు, చూడ్డానికి వేరే పిటిషన్ వేసుకోండి. పెద్దల పంచాయతీలో "ఇకపై ఏ సంబంధం లేదు" అని రాసుకుంటే? బిడ్డ హక్కుని తల్లి సంతకం తీసెయ్యలేదు. పద్ధెనిమిది నిండితే? 144 కింద మామూలుగా ఆగుతుంది, కానీ తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురు 1956 చట్టం కింద అడగొచ్చు. మనోవర్తి కట్టక జైలుకెళ్లొస్తే బాకీ చెల్లిపోతుందా? పోదు.

బకాయి పడితే మాత్రం కూర్చోకండి. ఆ నెల డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వెయ్యాలి. ఏడాది దాటిన నెలలకి వారంటు రాదు. లాయరు ఫీజుకి భయపడి ఆగిపోతున్నవాళ్లు ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చెయ్యండి, లేదా కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీకి వెళ్లండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు ఆ ఖర్చుల నోటు పట్టుకెళ్లండి.