అపోహలు - వాస్తవాలు: ఆరోగ్య బీమా కంపెనీలకు పోటీ చట్టం ఎక్కడ వర్తిస్తుంది?

పోటీ చట్టం కేసులు చూసే న్యాయవాదిగా నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు ఆరోగ్య బీమా గురించే. రెన్యువల్ నోటీసు చేతికి రాగానే "వీళ్లంతా సిండికేట్ అయిపోయారు, కాంపిటీషన్ కమిషన్‌కు రాసేద్దామా?" అని ఫోన్ చేసే బంధువులు ఒకవైపు, "మా మీద ఐఆర్‌డీఏఐ ఉండగా మధ్యలో ఈ సీసీఐ ఎందుకండీ?" అని అడిగే బీమా అధికారులు మరోవైపు. (ఐఆర్‌డీఏఐ బీమా రంగ నియంత్రణ సంస్థ, సీసీఐ అంటే ఆ కాంపిటీషన్ కమిషనే.) ఇద్దరూ చట్టాన్ని ఒకేచోట పొరబడుతున్నారు. ఈ చట్టం అంకెను చూడదు, ఆ అంకె ఎలా పుట్టిందో చూస్తుంది.

అపోహ: ప్రీమియం విపరీతంగా పెరిగితే అదే పోటీ చట్ట ఉల్లంఘన.

ప్రీమియం ఎంత ఉండాలో 2002 నాటి పోటీ చట్టం చెప్పదు. విడివిడిగా తీసుకోవలసిన నిర్ణయాన్ని పోటీదారులు కూడబలుక్కుని తీసుకున్నారా అన్నదే సెక్షన్ 3 అడిగే ప్రశ్న. చికిత్స ఖర్చులు పెరిగాయని పది కంపెనీలు ఎవరి లెక్క వాళ్లు వేసుకుని ఒకే ఏడాది రేట్లు పెంచితే అది మన జేబుకు చిల్లే గాని కార్టెల్ (పోటీదారుల కుమ్మక్కు) కాదు. ఇద్దరు పోటీదారులు "ఈసారి ఇద్దరం 2 శాతమే పెంచుదాం" అని మాట ఇచ్చిపుచ్చుకుంటే, పెంపు ఎంత స్వల్పమైనా, అది కార్టెలే. మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ అన్యాయమైన ధర రుద్దితే సెక్షన్ 4 ఉంది గాని, ముందు ఆ ఆధిపత్యాన్ని రుజువు చేయాలి. అనేక కంపెనీలు పోటీపడే రంగంలో అది అంత సులువు కాదు. రేటు మీద నేరుగా చెయ్యి వేయగలిగింది ఐఆర్‌డీఏఐ. వయోవృద్ధుల పాలసీల ప్రీమియాన్ని తనను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని 2025 జనవరిలో ఆదేశించింది ఆ సంస్థే.

అపోహ: ప్రభుత్వ రంగ బీమా కంపెనీలన్నిటికీ యజమాని ఒక్కరే కనుక వాటి మధ్య కార్టెల్ అనే మాటే పుట్టదు.

శిక్షణ తరగతులకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, "సార్, మేం నలుగురం ఒకే ఇంటివాళ్లం, మాలో మేం మాట్లాడుకుంటే తప్పేమిటి?" అని అడుగుతారు. అడగడంలో న్యాయం లేకపోలేదు. 1972లో చేసిన జాతీయీకరణ చట్టంతో 107 సాధారణ బీమా సంస్థలను కలిపి నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు కంపెనీలుగా చేశారు. నాలుగూ చాలాకాలం ప్రభుత్వ మాతృసంస్థ జనరల్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ (జీఐసీ) నీడలోనే ఉన్నాయి. అయితే ఈ వాదన ఇప్పటికే ఒకసారి పరీక్షకు నిలబడి ఓడిపోయింది.

రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కింద పేద కుటుంబాలకు ఏడాదికి 30 వేల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చులకు బీమా ఉండేది, ప్రీమియం ప్రభుత్వాలు కట్టేవి. బీమా కంపెనీని ఎంచుకోవడానికి కేరళ ప్రభుత్వం టెండర్లు పిలిచింది. టెండరు అంటే పైకి కనిపించేది నాలుగు సీలు వేసిన కవర్లు, నాలుగింటిలో నాలుగు వేర్వేరు అంకెలు. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు ఎల్ 1, పని అతనిదే. కానీ ఎల్ 1 ఎవరో కవర్లు అంటించకముందే ఖాయమై, మిగతా ముగ్గురూ ఓడిపోవడానికి సరిపడేంత ఎక్కువ అంకె రాసి, ఆ తర్వాత వచ్చిన వ్యాపారాన్ని వాటాలు వేసుకుంటే, కవర్లకు సీలు ఉన్నా లేకపోయినా ఒకటే. మన వైపు కాంట్రాక్టర్లు దీన్నే "రింగ్ కావడం" అంటారు. కేరళలో జరిగింది ఇదేనని, యునైటెడ్ ఇండియాకు టెండరు దక్కేలా నలుగురూ ముందే మాట్లాడుకున్నారని సీసీఐ 2015 జులైలో తేల్చి, నాలుగు కంపెనీలకూ కలిపి సుమారు 671 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అందులో ఒక్క న్యూ ఇండియా వాటాయే 251 కోట్లు.

"మేమంతా ఒకే ఆర్థిక సంస్థ" అన్న వాదన అక్కడ ఎందుకు నిలవలేదంటే, ప్రతి కంపెనీకీ సొంత బోర్డు ఉంది, టెండరులో పాల్గొనాలా వద్దా, ఎంత కోట్ చేయాలి అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవాలి, బిడ్లు కూడా విడివిడిగానే వేశారు. వేరు కాపురం పెట్టినవాళ్లు టెండరు పెట్టె దగ్గర మాత్రం ఉమ్మడి కుటుంబం అంటే కుదరదు. నిజంగా ఒకే సంస్థ అనుకుంటే ఒకే బిడ్ వేయవచ్చు, లేదా నలుగురం కలిసి బీమా ఇస్తున్నామని టెండరు పిలిచినవారికి ముందే బాహాటంగా చెప్పవచ్చు. కో-ఇన్సూరెన్స్ ఈ రంగంలో కొత్తదేమీ కాదు, నేరమూ కాదు. నేరమల్లా పోటీ ఉన్నట్టు నటించడం.

ఆ జరిమానా తర్వాత ఏమైందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. అప్పీలులో కాంపిటీషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ కుమ్మక్కు జరిగిందన్న నిర్ధారణను నిలబెట్టింది గాని, కంపెనీల మొత్తం టర్నోవర్ మీద కాక ఈ పథకం ద్వారా వచ్చిన ప్రీమియం మీదే జరిమానా లెక్కించాలంటూ 2016 డిసెంబరులో మొత్తాన్ని సుమారు 2 కోట్లకు కుదించింది. 671 ఎక్కడ, 2 ఎక్కడ! మరుసటి ఏడాది ఎక్సెల్ క్రాప్ కేర్ కేసులో సుప్రీంకోర్టు కూడా, ఉల్లంఘనకు సంబంధించిన టర్నోవర్‌నే చూడాలని చెప్పింది. పార్లమెంటు 2023లో చట్టాన్ని సవరించి, టర్నోవర్ అంటే సంస్థ ప్రపంచవ్యాప్త టర్నోవర్ అని రాసింది. అది 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. సంబంధిత టర్నోవర్‌తోనే లెక్క మొదలుపెట్టాలని సీసీఐ మార్గదర్శకాలు చెబుతున్నా, గరిష్ఠ పరిమితి మాత్రం చాలా పైకి వెళ్లింది. "చిన్న టెండరే కదా" అనుకునే రోజులు పోయాయని నా అభిప్రాయం.

అపోహ: నియంత్రణ సంస్థ ఉన్న రంగంలోకి సీసీఐ రాకూడదు.

పాలసీ పత్రాన్ని, కంపెనీ ఆర్థిక స్థితిని ఐఆర్‌డీఏఐ చూస్తుంది. చాటుమాటు ఒప్పందాన్ని సీసీఐ చూస్తుంది. 2018లో భారతీ ఎయిర్‌టెల్ కేసులో సుప్రీంకోర్టు, సాంకేతిక అంశాలను ముందు టెలికాం రంగ నియంత్రణ సంస్థ ట్రాయ్ తేల్చాలని చెప్పింది తప్ప సీసీఐ అధికారం లేనే లేదని అనలేదు. ఒకరి అభిప్రాయాన్ని మరొకరు కోరడానికి పోటీ చట్టంలోనే 21, 21ఎ సెక్షన్లు ఉన్నాయి.

అపోహ: బీమా కంపెనీలు తమ మధ్య ఏ సమాచారం పంచుకున్నా కార్టెలే.

ఇది అతి భయం. ఏ జబ్బుకు ఎన్ని క్లెయిములు వచ్చాయి, సగటున ఎంత ఖర్చయింది అన్న పాత లెక్కలు కలిపి చూసుకోకపోతే చిన్న కంపెనీకి అసలు ప్రీమియం నిర్ణయించడమే సాధ్యం కాదు. హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో చేసే పని ఇటువంటిదే. జరిగిపోయినదాన్ని ఏ కంపెనీదో తెలియకుండా కలిపి పంచుకోవడం ఒకటి, వచ్చే ఏడాది నేను ఎంత పెంచబోతున్నానో పోటీదారు చెవిలో వేయడం మరొకటి. సమావేశం ఎజెండాలో "రేట్లు" అన్న అంశం కనిపిస్తే దాన్ని కొట్టివేయించి గాని నేను లోపలికి వెళ్లను. కొట్టివేయకపోతే, అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించి బయటికి వచ్చేయమని క్లయింటుకు చెబుతాను.

అపోహ: ఆసుపత్రులు, వైద్యులు సంఘంగా తీసుకున్న నిర్ణయానికి ఈ చట్టం వర్తించదు.

సంఘం అన్నంత మాత్రాన రక్షణ రాదు. మందుల దుకాణాల సంఘాలు, తమ అనుమతి పత్రం లేనిదే కొత్త స్టాకిస్టును పెట్టకూడదని కంపెనీలను కట్టడి చేసినందుకు సీసీఐ వాటికి పదేపదే జరిమానాలు వేసింది. ఒక బీమా కంపెనీ ఇచ్చే ప్యాకేజీ రేటు గిట్టుబాటు కాదని ఒక ఆసుపత్రి క్యాష్‌లెస్ ఆపుకుంటే అది దాని వ్యాపార నిర్ణయం. సంఘం పిలుపుతో ఊళ్లో ఆసుపత్రులన్నీ ఒకేరోజు ఆపితే సెక్షన్ 3 కింద జవాబు చెప్పుకోవలసి రావచ్చు. బేరంలో బీమా కంపెనీలదే పైచేయి అన్న ఆసుపత్రుల బాధలో నిజం ఉంది, కానీ ఆ బాధకు చట్టం చూపించే మందు కుమ్మక్కు కాదు. ధర తగ్గించడానికే కలిశామన్నా ఇబ్బందే. అమెరికాలోని అరిజోనాలో వైద్యులు బీమా రోగుల దగ్గర ఇంతకు మించి ఫీజు తీసుకోకూడదని తమలో తాము గరిష్ఠ పరిమితి పెట్టుకుంటే, మారికోపా కౌంటీ కేసులో 1982లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కూడా ధరల కుమ్మక్కుగానే తేల్చింది.

అపోహ: అమెరికాలో బీమా కంపెనీలకు యాంటీట్రస్ట్ (పోటీ) చట్టాల నుంచి పూర్తి మినహాయింపు ఉంది.

ఉండేది, అదీ పూర్తిగా కాదు. బీమా కూడా అంతర్రాష్ట్ర వాణిజ్యమేనని 1944లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పగానే, మరుసటి ఏడాది మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం వచ్చి, రాష్ట్రాలు నియంత్రిస్తున్న మేరకు "బీమా వ్యాపారాన్ని" ఫెడరల్ యాంటీట్రస్ట్ నుంచి తప్పించింది. ఆ మినహాయింపు అమల్లో ఉండగానే 2017లో ఏట్నా-హ్యుమానా, ఆంథెమ్-సిగ్నా విలీనాలను ఫెడరల్ కోర్టులు ఆపేశాయి. ఆరోగ్య బీమాకు సంబంధించినంత వరకు ఆ మినహాయింపును 2021 జనవరిలో వచ్చిన చట్టం చాలావరకు తీసేసింది. బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ సంస్థలు తమలో తాము ప్రాంతాలు పంచుకున్నాయన్న దావా 267 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అక్కడ ఉద్యోగాలు చేసే మనవాళ్లలోనూ ఆ పాలసీలు ఉన్నవారు తక్కువేమీ కాదు.

అపోహ: ఇవన్నీ పెద్దల వ్యవహారాలు, పాలసీదారుకు సీసీఐ గడప తొక్కే హక్కు లేదు.

క్లెయిమ్ తిరస్కరించారన్న గొడవ అయితే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికో వినియోగదారుల కమిషన్‌కో వెళ్లాలి, సీసీఐకి కాదు. కుమ్మక్కు జరిగిందని చూపించే ఆధారం ఏదైనా ఉంటే మాత్రం, తనకు వ్యక్తిగతంగా నష్టం జరిగిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చని 2020లో ఊబర్-ఓలా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నష్టపరిహారం కావాలంటే సెక్షన్ 53ఎన్ కింద నేషనల్ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. కేరళ కేసు మొదలైంది కూడా పెద్ద కంపెనీ ఫిర్యాదుతో కాదు, ఎవరు రాశారో పేరు లేని ఒక ఉత్తరంతో.